విమానంలో రాని పుట్టింటి చీర

పూర్ణచంద్ర గుడియాత్తం బస్టాండులో దిగేసరికి పొద్దు వాలిపోయింది. అక్క కమలాక్షి పోయిందని సేలంకు ఫోను రాగానే, ఆదివారం నాడు తెరిచి ఉన్న బట్టల అంగడి వెతికి మరీ చీర కొన్నాడు. ఆడకూతురు పోతే పుట్టింటి చీర కప్పకుండా పాడె లేవకూడదు. వాళ్ళలో అది తరతరాల కట్టుబాటు. ఆ చీర ఒడిలో పెట్టుకుని మూడు బస్సులు మారాడు, దారిలో గుక్కెడు కాఫీ కూడా ముట్టలేదు.

తీరా వచ్చి చూస్తే వాకిట్లో పాడె లేదు. ఆడవాళ్ళు ఇల్లు కడుగుతున్నారు!

"అక్క యాడ?" అన్నాడు గుమ్మంలోనే.

"ఎత్తేసినాము పూర్ణా. రాహుకాలం వచ్చేస్తాదని..." బావకు అక్క అయిన మునిరత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎంతసేపని చూసేది? మేమే ఒక చీర తెప్పించి, నీ పేరు చెప్పి కప్పినాము."

అతనికి ఒళ్ళు భగ్గున మండింది. తోడబుట్టినవాడు బతికుండగా వాడి పేరున ఇంకొకరి చీరా!

"నా పేరు చెప్పేదానికి నేనేమన్నా చచ్చినానా వదినా? ఎన్న నాయం ఇది! సాయంత్రానికి వచ్చేస్తానని ఫోన్లో చెప్తిని గదా!"

బావ అరుణాచలం తలెత్తలేదు. ఆయన తమ్ముడి కొడుకు ముకేష్ మాత్రం ముందుకొచ్చాడు. వాడికి బెంగళూరులో ఉద్యోగం, ఆ ఇంట్లో వాడి మాటే వేదం.

"చూడు మామా," అని ఫోను చూపించాడు. "సేలం నుంచి వేలూరుకు విమానంలో ముప్పై అయిదు నిముషాలే. నువ్వు డబ్బుకు చూసుకోని బస్సెక్కితే పెద్దమ్మను ఎంతసేపని పెట్టుకోనుండేది?"

వీడి తెలివి తెల్లారినట్టే ఉంది! అంటే ఇంటిల్లిపాదీ ఈ మాట నమ్మి, తనను పిసినారి కింద జమకట్టి పాడె ఎత్తేశారన్నమాట. అమ్మ పోయాక తనకు అన్నం కలిపి పెట్టిన అక్కకు తను లెక్క చూసుకుంటాడా?

"వేలూరు విమానం ఎక్కినోడు ఈ ఇంట్లో ఒక్కడన్నా ఉండాడా? రోజూ ఆ విమానాల మైదానం పక్కనే పళ్ళికొండ దావన పోతా వస్తా ఉండారే, తలకాయ పైకెత్తి ఒక్కనాడన్నా విమానం దిగేది చూసినారా?"

అతను ముకేష్ వైపు తిరిగాడు.

"సరే నాయనా. తిరిగి పోయేదానికి నాకు ఆ విమానానికే టికెట్టు తీయి. ఎంతయినా ఇస్తా. తీయి!"

ముకేష్ ఫోను మీద వేలు జరిపాడు. దూరం వచ్చింది, సమయం వచ్చింది. టికెట్టు మాత్రం ఎంత వెతికినా రాలేదు.

"లేదు మామా," అన్నాడు చివరికి. "ఇది దూరానికి కట్టిన ఉత్త లెక్కంట. విమానం లేదు."

పూర్ణచంద్ర చీర పొట్లం తీసి వాడి చేతిలో పెట్టాడు.

"దా. నువ్వే ఎత్తుకోని నడువు. ఈ మాట కాటిలో ఆ అగ్గి ముందర నిలబడి మీ పెద్దమ్మకు చెప్పు."

"ఇంతసేపటికి కప్పేదానికి ఏముంటాది మామా?" అన్నాడు ముకేష్.

"ఏమీ ఉండదు. అది నీ కండ్లతో చూడాలనే రమ్మంటా ఉండా."