వసారాలో దగ్గు

దర్జీ పోయినా ఆయన దగ్గు ఇల్లు వదల్లేదు.

వసారాలో పంజరం, పంజరంలో చిలక. పొద్దున్నే రెండు పొడి దగ్గులు, ఆపైన గొంతు సవరింపు. అచ్చం ఆయనే. బట్టలివ్వడానికి కొత్తగా వచ్చినవాళ్లు లోపలికి తొంగిచూసి, "ఆయనకి ఒంట్లో బాలేదా?" అనేవారు.

దర్జీ పెళ్లాన్ని ఏనాడూ పేరు పెట్టి పిలిచినవాడు కాదు. దగ్గేవాడు. ఆమె "వస్తున్నా" అంటూ వెళ్లేది. ఇప్పుడు చిలక దగ్గినా ఆమె కుట్టుమిషను ఆపి, లేచి "వస్తున్నా" అంటుంది. అని, మళ్లీ కూర్చుంటుంది.

ఆ చలికాలం ఆమెకీ దగ్గు పట్టుకుంది. జలుబు పోయింది, దగ్గు పోలేదు. ఎండలు ముదిరేసరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూసింది.

"జలుబు దగ్గయితే రెండు మూడు వారాల్లో దాని దారిన అది పోతుందమ్మా. నెలలు పట్టిందంటే వేరే ఏదో ఉంది. చుట్ట, బీడీ?"

"ఛ!"

"తిన్నాక గుండెల్లో మంట? ఉబ్బసం? బీపీ మాత్రలు?"

అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

"ఇంట్లో పిట్టలేమైనా పెంచుతున్నారా?"

తల ఊపడం ఆగింది.

"ఈకల పొడి, ఎండిన రెట్ట దుమ్ము కొందరి ఊపిరితిత్తులకి పడదు. ఆ పిట్ట ఇంట్లో ఉన్నంతకాలం నా మందు పనిచెయ్యదు. ఆలస్యమైతే ఆ ఆయాసం ఇక పోదు."

తమ్ముడు వచ్చాడు. "నాకిచ్చెయ్యక్కా."

"మీ బావ పిలుపు అదొక్కటేరా నాకు మిగిలింది."

"బతికున్నన్నాళ్లూ ఆ దగ్గుకి పరుగులు పెట్టావు. పోయి కూడా నిన్ను కూర్చోనివ్వడా మహానుభావుడు? ఇలాగైతే వెంట తీసుకుపోతాడు."

నవ్వబోయింది. దగ్గు తెర ముంచుకొచ్చింది. గోడ పట్టుకుని, ఊపిరి అందాక, పంజరం వైపు చెయ్యి చూపించింది. తీసుకెళ్లమని.

దగ్గు మెల్లమెల్లగా తగ్గింది. ఇల్లు నోరు మూసుకుంది.

కొన్నాళ్లకి తమ్ముడు మళ్లీ వచ్చాడు. ఈసారి మొహంలో నవ్వు లేదు.

"చిలక దగ్గుతోందక్కా."

"దగ్గక?"

"బావలా దగ్గుతుంది. ఆ వెంటనే నీ గొంతుతో 'వస్తున్నా' అంటుంది. ఆమీద నువ్వు దగ్గినట్టే దగ్గుతుంది. నీ మరదలు హడలిపోతోంది. ఇంకెవరికైనా ఇచ్చెయ్యనా?"

ఆమె కాలు మిషను మీద ఆగింది.

"వద్దురా. ఆయన పిలిస్తే పలికేవాళ్లు ఉన్నారుగా అక్కడ. ఉండనీ."

తమ్ముడు వెళ్లాక వసారాలోకొచ్చింది. పంజరం మేకు ఖాళీగా ఉంది. దాని ముందు నిలబడి రెండుసార్లు పొడిగా దగ్గి, ఆయనలాగే గొంతు సవరించుకుంది.

కాసేపు చూసింది. ఎవరూ రాలేదు.