టైగర్ బార్బులు

హాల్లో కిటికీ పక్కన, వెలుతురు బాగా పడేచోట చిన్నకోడలి కుట్టుమిషను ఉండేది. బావగారు అక్వేరియం కొన్న రోజున అది వంటింట్లోకి పోయింది, సింకుకీ ఫ్రిజ్జుకీ మధ్య సందులోకి. ఆ ఇంట్లో బావగారు చెప్పిందే వేదం.

చేపలు కొనడానికి మాత్రం ఆమెను వెంటబెట్టుకెళ్లారు, సంచులు పట్టుకోడానికి. బావగారికి పొడుగు తోక ఊపుకుంటూ తిరిగే గోల్డ్ ఫిష్ నచ్చింది. నల్లచారల టైగర్ బార్బులూ నచ్చాయి. రెండూ కలిపి వెయ్యొద్దన్నాడు కొట్టతను. బార్బులు చూడ్డానికే బుద్ధిమంతులనీ, పొడుగు తోక కనబడితే కొరక్కుండా ఉండవనీ చెప్పాడు.

"నాలుగు రోజులు పోతే అవే సర్దుకుంటాయి," అన్నారు బావగారు.

పెళ్లైన కొత్తలో ఆమె విన్న మాటే అది.

సర్దుకోలేదు. రోజంతా ఇంట్లో ఉండేది ఆమే గనక చూసిందీ ఆమే. గోల్డ్ ఫిష్ తోక పీలికలైంది. ఫిల్టరు వెనక నక్కి, మేత వేసినా బయటికి రావడం మానేసింది. భర్తకు చెబితే, అన్నయ్యతో మనకెందుకంటూ టీవీ సౌండు పెంచాడు. ఆమే ఆ చేపను తీసి బకెట్లో వేసింది. సాయంత్రం బావగారు, అక్వేరియం బోసిపోయిందంటూ మళ్లీ అందులోనే వదిలారు. తెల్లారేసరికి అది వెల్లకిలా తేలింది.

ఇంకోటి తెస్తానన్నారు బావగారు.

ఆయన ఆఫీసుకు వెళ్లగానే ఆమె వల పట్టుకుని బార్బుల వెంటపడింది. జాకెట్టు చేతులు తడిసి ముద్దయ్యాయి, నేలంతా నీళ్లు. అన్నిటినీ కవర్లో కట్టి కొట్లో ఇచ్చేసి వచ్చింది.

సాయంత్రం బావగారు ఖాళీ గాజుపెట్టె ముందు నిలబడి చేపలేవన్నారు. అత్తగారు వంటింటి వైపు చూశారు.

"నేనే ఇచ్చేశాను, బావగారూ."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు."

ఆయన ఆమెతో మాట్లాడటం మానేశారు. తప్పయిందని ఒక్క మాట అనెయ్యమని భర్త బతిమాలాడు, తర్వాత విసుక్కున్నాడు. ఆమె అనలేదు.

ఆదివారం బావగారు ఒక్కరే వెళ్లి మళ్లీ బార్బుల్నే తెచ్చారు, ఈసారి ఇంకా ఎక్కువ. గోల్డ్ ఫిష్ మాత్రం తేలేదు.

మేత వెయ్యడం, అద్దాలకు పట్టిన పాకుడు తుడవడం ఆమె పనే. చెయ్యి లోపల పెట్టగానే బార్బులన్నీ చుట్టూ మూగి వేళ్లను పొడుస్తాయి. ఆమె చెయ్యి తియ్యదు. తీస్తే, లేచిన పాకుడు మళ్లీ అద్దాలకే అంటుకుని, పని మొదట్నుంచీ చేసుకోవాలి.