ఫైలు ఒకరికి, పాస్‌వర్డ్ ఒకరికి

దొరికిందట, కీ దొరికిందట అని కింది అంతస్తు నుంచి కేకలు మెట్లెక్కి వస్తుంటే ఆమె గుండె గంతేసింది, అమ్మయ్య ఆయన గట్టెక్కినట్టే అనుకుంది, ఆయన అని మనసులో అనుకున్నా చాలు ఇంకా ముసిముసి నవ్వొస్తుంది, పెళ్లై నెలైనా కాలేదు మరి, పొద్దున ఒకే గొడుగులో వచ్చి చెరో భుజం తడుపుకున్నారు, తన భుజం ఆరిపోతోందని బెంగపడింది కూడా, ఎవరి దగ్గర దొరికిందట అని పక్క బల్ల పెద్దాయన అడిగాడు, రిసెప్షన్ అమ్మాయి దగ్గరట, నిన్న సెలవులో ఉంది కదా, ఇవాళ రాగానే సొరుగులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చిందట, అంతే, గంతేసిన గుండె ఎక్కడిదక్కడే చతికిలబడింది.

ఆమె దగ్గరా, పోయిపోయి ఆమె దగ్గరా, నిన్న ఆఫీసు ప్రింటర్లో బోర్డు కాలిపోతే మెకానిక్ కొత్తది వేశాడు, వేశాక ఆ ప్రింటరు మహాతల్లి తన కడుపులో డిస్కును తానే ఎరగనంది, స్కాన్ చేసి దాచిన ఇళ్ల ప్లాన్లన్నీ అందులోనే, ఎవరూ దొంగిలించకుండా అన్నిటినీ కలగాపులగం చేసి దాస్తుందట, మళ్లీ సర్దిపెట్టే కీ పాత బోర్డుతోపాటే బూడిదైంది, ముందుజాగ్రత్తగా తీసిపెట్టిన నకలు దొరికితే సరేసరి, లేదా ప్లాన్లూ పోతాయి, కంప్యూటర్లు చూసుకునే ఆయన ఉద్యోగమూ పోతుంది, రాత్రి కంచం ముందు కూర్చుని నకలు ఒకరికిచ్చాను, రానీ చూద్దాం అన్నాడు, ఎవరికండీ అంటే ఆఫీసులోనేలే అని మంచినీళ్లు తాగేశాడు, ఓహో, ఆ గుటకల వెనక ఉన్నది ఈ వంకీల జుట్టన్నమాట.

దిగి వెళ్లేసరికి ప్రింటర్ చుట్టూ అందరూ, మధ్యలో ఆ వంకీల జుట్టు, ఉద్యోగంలో ఒకే రోజు చేరారట, అందుకని ఆయన్ని నువ్వంటుంది, తాళి కట్టించుకున్న తనేమో ఇంకా మీరు దగ్గరే ఆగిపోయింది, ఏడాదిగా నీ ప్రాణం నా సొరుగులో ఉంది తెలుసా అంటోంది, అందరూ నవ్వారు, ఆయన కూడా నవ్వాడు, ఆ నవ్వు కొంచెం తక్కువగా నవ్వి ఉండొచ్చు కదా, ఇంతలో ప్రింటర్ తెర మీద పాస్‌వర్డ్ అడుగుతూ ఒక ఖాళీ గడి వచ్చింది, ఆయన తలెత్తి ఇంతమందిలో తనవైపే చూశాడు, పెళ్లికి చాలా ముందు నీ చేత ఒక మాట టైపు చేయించాను, గుర్తుందా.

గుర్తులేకేం, ఆ రోజు ఎవరికీ చెప్పకండి, నాకు కూడా అని ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు, ఆ మెడ మీద పుట్టుమచ్చ కనిపించింది, వేళ్లు పుట్టుమచ్చ అనే కొట్టేశాయి, తరువాత రెండు రోజులు ఆయన ఎదురుపడితే తల దించుకుంది, అన్నీ గుర్తున్నాయి, కానీ ఇప్పుడు చెబితే గొప్పంతా ఆ సొరుగుదే అవుతుంది, నోరు కట్టుకుంటే ఆ పెన్‌డ్రైవ్ కాగితాల మీద బరువుకైనా పనికిరాదు, గుర్తులేదండీ అనేసింది, ఆయన మొహం తెల్లబోయింది, పోనీలే దిగులుపడకు అంటూ రిసెప్షన్ అమ్మాయి చెయ్యి ఆయన భుజం మీదికి, అదీ పొద్దున తడిసిన భుజం మీదికి వెళ్తోంది, ఉండండి, గుర్తొచ్చింది, మీరంతా గోడవైపు తిరగండి, అందరూ తిరిగారు, ఆ మచ్చ అక్కడే ఉంది, అదే మాట కొట్టింది, ప్రింటర్ కాసేపు గుర్రుగుర్రుమని ఒక ప్లాను కక్కింది, ఎవరింటిదో వంటగది, కిటికీ కొలతలతో సహా.

మెట్ల మలుపులో ఆయన్ని ఆపేసింది, అంతమందిలో దానికే ఎందుకిచ్చారు, ఆయన తడుముకోకుండా చెప్పాడు, ఫైలు ఒకరి దగ్గర, పాస్‌వర్డ్ ఒకరి దగ్గర ఉండాలి, ఆ ఇద్దరికీ మాటలుండకూడదు, అదీ మా పద్ధతి, ఆఫీసంతా వెతికితే మీరిద్దరే దొరికారు, నిజమే, ఆ అమ్మాయితో మాట మానేసింది తనే, ఎందుకు మానేసిందో ఇన్నాళ్లూ ఆలోచించనైనా లేదు, ఆయన్ని నువ్వు అనడం విన్న రోజు నుంచే కదూ, అప్పటికి ఆయన తనకేమీ కాడు, పలకరింపు కూడా సరిగా లేదు, అంటే ఈ కుళ్లు తాళితో వచ్చింది కాదు, తనకే తెలియని ఆ ఇష్టం ఆయనకు అప్పుడే కనిపించింది, చూసి కూడా ఏమీ ఎరగనట్టు గోడవైపు తిరిగి నిలబడ్డాడు, దొంగ.

అయితే వినండి, కీ మార్చి రేపు కొత్త నకలు తీస్తారుగా, ఆ ఫైలు ఇంకెవరికైనా ఇచ్చుకోండి, రేపు మధ్యాహ్నం ఆ అమ్మాయి పక్కన కూర్చుని భోంచేస్తాను, ఇక మా ఇద్దరికీ మాటలుంటాయి.