బేగం చెయ్యి

చిత్తూరులో మురకంబట్టు పోయే దారిలో 'సలావుద్దీన్ మోటార్ వర్క్స్' అని ఒక బోర్డు ఉంటుంది. బోర్డు మీద పేరు ఆయనది. ఫోన్ మోగితే మాత్రం అవతలివాళ్లు అడిగేది ఆమెను.

"బేగం ఉండారా?"

వేలూరు వాళ్లు అరవంలో అడుగుతారు, కోలారు వాళ్లు కన్నడంలో అడుగుతారు. ఏ భాషలో అడిగినా సలావుద్దీన్ కడుపు ఒకేలా మండుతుంది. "ఉండాది" అని ఫోన్ ఆమె చేతికిచ్చి, అందిన స్పానర్‌ను కింద పడేసి, చప్పుడు చేసినందుకు దాన్నే తిడతాడు. పాపం స్పానర్ ఏం చేసింది.

గుల్జార్ బేగం ఆయన భార్య. అంతకంటే ముందు ఆయనకు పని నేర్పిన ఉస్తాద్ పీరా సాహెబ్ కూతురు. అలాగని ఆమె షాపులో పుట్టి పెరిగిందేమీ కాదు. పెళ్లయ్యాక చాలా ఏళ్లు జాకెట్లకు పూసలు కుట్టింది. కరోనా వచ్చి షాపు మూతపడినప్పుడు సలావుద్దీన్ ఇంజన్లను ఇంటికి మోసుకొచ్చి వంటింటి పక్కన చాప పరిచి పెట్టుకున్నాడు. ఆయన వేళ్లు లావు. సిలిండర్ లోపలి దారుల్లో దూరవు. "నీ వేలు పెట్టి సూడు, యాడన్నా గరుగ్గా ఉండాదా" అని భార్యను అడిగింది ఆయనే. ఆకురాయి ఎట్లా పట్టాలో చెయ్యి పట్టుకుని చూపించిందీ ఆయనే. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే.

పాత టూ స్ట్రోక్ ఇంజన్‌లో బలమంతా దారుల్లో ఉంటుంది. పెట్రోలు గాలి లోపలికి వచ్చే దారి, కాలిన పొగ బయటికి పోయే దారి. వాటిని ఆకురాయితో కొద్దిగా వెడల్పు చేసి నున్నగా రుద్దితే ముసలి బండి కూడా తన వయసు మరిచిపోతుంది. అతిగా రుద్దితే చచ్చి ఊరుకుంటుంది. ఎంత రుద్దాలో చేతికి తెలియాలి. సలావుద్దీన్‌కు ఇరవై ఏళ్లు పట్టిన ఆ తెలివి, పూసలు కుట్టిన చేతికి ఒక్క ఎండాకాలంలో పట్టుబడింది. ఏకు మేకైంది.

ఆ తర్వాత కొన్నేళ్లకు, మామిడికాయల కాలంలో తిరుపతి నుంచి పద్మనాభ్ వచ్చాడు. కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి. వాళ్ల నాయన సుదర్శనం పెళ్లికి ముందు కొన్న యెజ్డీ బండి మీద వచ్చాడు. పాత బండ్లవాళ్లు కొందరు ప్రతి ఆదివారం బంగారుపాళ్యంలో కలుసుకుని, టీ తాగి, మొగిలి ఘాటు ఎక్కుతారట. అందరూ సర్రున పోతుంటే ఈయన బండి ఘాటు మధ్యలో ఆయాసపడి గేరు తగ్గించమంటుందట.

"వాళ్లు దాటిపోతా చెయ్యి ఊపుతారు భాయ్. ఆ ఊపేది సూస్తే నాకు రెండు దినాలు అన్నం సయించదు. టాప్ గేరులోనే ఎక్కాల" అన్నాడు పద్మనాభ్.

ఆ బాధ సలావుద్దీన్‌కు బాగా అర్థమైంది. మనిషి మీద జాలి కూడా కలిగింది. "వొదిలిపెట్టు సామీ, నేను సూసుకుంటా" అని చెయ్యి చాచేలోపే పద్మనాభ్ గొంతు తగ్గించి, "ఏమనుకోవద్దు భాయ్, లోపలి పని మాత్రం బేగమక్క చేతనే చేయించండి" అన్నాడు. పుండు మీద కారం చల్లి, పైగా ఏమనుకోవద్దంటాడు.

గుల్జార్ వారం పాటు ఆ సిలిండర్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బోరు సలావుద్దీన్ చూశాడు, పైమూత హెడ్డు సలావుద్దీన్ చెక్కించాడు, కార్బురేటర్ సలావుద్దీన్ పెట్టాడు. అవేవీ ఎవరికీ పట్టవు. పని అయ్యాక ఆమె హెడ్డు నట్ల మీద ఎర్రగా గోళ్ల రంగు గీత పెట్టింది, సగం నట్టు మీద, సగం హెడ్డు మీద. ఎవరైనా విప్పితే గీత తెగి తెలిసిపోతుంది. పీరా సాహెబ్ పెయింటుతో పెట్టేవాడు, కూతురు గోళ్ల రంగుతో పెడుతుంది. నమాజుకు ముందు వజూ చేసుకునేటప్పుడు గోళ్లకు నీళ్లు తగలాలి గనక ఆమె గోళ్లకు రంగు వేసుకోదు. ఆ సీసా అద్దం దగ్గర కాక టూల్ బాక్సులో ఉంటుంది. ఈసారి అడుగున మిగిలిన కాస్తా గీకి పెట్టేసి సీసా పారేసింది.

శుక్రవారం ఆమె ఐరాలకు పోయింది. పిన్ని కూతురు షబ్రీన్‌కు బిడ్డ పుట్టింది. మరుసటి రోజు పద్మనాభ్ వచ్చి బండి తీసుకుపోతాడు. సలావుద్దీన్ ఒక్కడే షాపులో ఉంటే ఎదురుగా టీ బంకు మోహన గ్లాసు తెచ్చి పెట్టి, "ఏమన్నా, ఈ పొద్దు బోర్డు మాత్రమే ఉండాదే, షాపు యాడికి పోయింది?" అని నవ్వాడు.

నవ్వి పోయాడు మహానుభావుడు. ఆ టీ అక్కడే చల్లారిపోయింది. సలావుద్దీన్ మధ్యాహ్నం నమాజు చదివి వచ్చి, షట్టరు సగానికి దించి, యెజ్డీ ముందు కూర్చుని నట్లు విప్పాడు. ఎట్లా చేసిందో చూసి నేర్చుకుందామని విప్పినట్టు తనకు తాను చెప్పుకున్నాడు. అబద్ధం. తప్పు పట్టుకుందామని విప్పాడు.

సిలిండర్ చేతికి వచ్చాక చూస్తే లోపలి దారులన్నీ వాడిన సబ్బుబిళ్లలా నున్నగా ఉన్నాయి. తాను పడే తిప్పలు గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మెచ్చుకోలుతో వచ్చిన నీళ్లు కావవి. తిప్పి తిప్పి చూశాడు, వెలుతురుకు పెట్టి చూశాడు. పొగ పోయే దారి దగ్గర గోరు కొస మాత్రం పెట్టి లాగితే, ఒకచోట గోరు పట్టుకుంది.

మళ్లీ లాగాడు. మళ్లీ పట్టుకుంది. దారిని వెడల్పు చేసింది గానీ ఒక పక్క అంచును మొండి చేయడం మరిచిపోయింది. పిస్టన్ రింగు పైకీ కిందికీ పోయేటప్పుడు ఆ దారి దగ్గర రవ్వంత బయటికి ఉబుకుతుంది. అంచు పదునుగా ఉంటే ఏదో ఒకసారి తగులుకుని విరుగుతుంది. విరిగిందా, పిస్టన్ పట్టేసి వెనక చక్రం ఉన్నచోటే ఆగిపోతుంది.

ఆయనకు ముందు కలిగింది సంతోషం. దాచి లాభం లేదు, సంతోషమే. బేగం చెయ్యి పడిన ఇంజన్ పట్టేసిందని బెంగళూరు దాకా తెలుస్తుంది. ఫోన్‌లో 'సలావుద్దీన్ భాయ్ ఉండాడా' అంటారు. ఆ మాట చెవిలో రెండుసార్లు వినిపించింది కూడా. తానేమీ చేయనక్కర్లేదు. ఎట్లా ఉన్నది అట్లా బిగిస్తే చాలు. ఈల వేస్తూ సిలిండర్ కూర్చోబెట్టి, హెడ్డు పెట్టి, ఒక నట్టు బిగించాడు.

రెండో నట్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది. మొగిలి ఘాటు మలుపు కళ్ల ముందుకొచ్చింది. టాప్ గేరులో పద్మనాభ్, ఆగిన చక్రం, వెనకాల మామిడికాయల లారీ. ఎంత తోసినా ఆ లారీ పక్కకు పోలేదు.

"నీ యబ్బ" అని ఎవరినో తిట్టి, బిగించిన నట్టు విప్పి, సన్న ఆకురాయి తీశాడు. వేలు దూరదు కాబట్టి చప్పుడు వింటూ రుద్దాడు. గరగర పోయి సరసర వచ్చింది. సరసర కూడా పోయి ఏ చప్పుడూ లేకుండా ఆకురాయి జారింది. ఇన్నేళ్లలో ఇంత బాగా ఎన్నడూ చేయలేదని ఆయనకే తెలిసింది. చూసేవాళ్లు లేరు. రేపు కూడా ఎవరూ చూడరు. కిరోసిన్‌తో కడిగి, తుడిచి, నూనె రాసి బిగించేశాడు.

ఇక గీతలు. సీసా లేదు. బజారు వీధిలో గాజుల అంగడికి పోయి గోళ్ల రంగు అడిగితే అక్కడి పిల్ల పల్లవి, "ఏ ఎరుపన్నా?" అంది. "ఎరుపంటే ఎరుపే కదమ్మా" అన్నాడు. ఆ పిల్ల నవ్వాపుకుంటూ బల్ల మీద వరసగా పేర్చింది. మీసాలున్న మనిషి ఎంతసేపని అక్కడ నిలబడతాడు. చేతికందిన సీసా పట్టుకొచ్చి పాత గీతలు తుడిచి కొత్తవి పెట్టాడు.

మరుసటి రోజు గుల్జార్ మొదటి బస్సుకే వచ్చేసింది. బురఖా కూడా తీయకుండా నేరుగా బండి దగ్గర కూర్చుంది. నట్లకేసి చూసింది. తర్వాత సైలెన్సర్ గొట్టం ఊడదీసి, వేలు లోపలికి పెట్టి చాలాసేపు అట్లాగే ఉంది. ఆమె గొట్టం మళ్లీ బిగించి, చేతులు తుడుచుకుని, "టీ తాగినారా?" అంది. ఏమీ కనిపెట్టలేదనుకుని ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. సాయంత్రం పద్మనాభ్ వచ్చి బండి తీసుకుపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం షాపు ముందు పాత బండ్లన్నీ వచ్చి ఆగాయి. పద్మనాభ్ దిగీ దిగగానే, "బేగమక్కా, టాప్ గేరులో ఎక్కేసినా. ఈసారి చెయ్యి ఊపింది నేను. నీ చెయ్యి బంగారం" అన్నాడు. మిగతావాళ్లు చుట్టూ మూగి, మా బండి ఎప్పుడు తేవాలంటే మా బండి ఎప్పుడు తేవాలని ఎగబడ్డారు.

సలావుద్దీన్ దొంగకు తేలు కుట్టినట్టు మూల నిలబడ్డాడు. నేను లేకుంటే నువ్వీపాటికి ఆసుపత్రిలో ఉండేవాడివి సామీ అని అరవాలనిపించింది. అరిస్తే, ఎందుకు విప్పావని అడుగుతారు. సొమ్మొకడిది సోకొకడిది.

అప్పుడు గుల్జార్ పైట కొంగుతో హెడ్డు తుడిచి, "సార్, ఈ గీత సూడండి. నేను పెట్టేది ఇటుక ఎరుపు. ఇది గులాబి ఎరుపు. ఇది నా గీత కాదు" అంది.

అందరూ వంగి చూశారు. సలావుద్దీన్ మూలలో ఇంకాస్త వెనక్కి జరిగాడు.

"అంచు మొండి చేయకుండా మూసేసినా. ఐరాలలో బిడ్డను ఎత్తుకున్నప్పుడు, దాని గోరు నా చేతికి గీసుకుంటే గుర్తుకొచ్చింది. ఉరుకుతా వొచ్చి సూస్తే ఆయన అప్పటికే విప్పి సరిచేసి పెట్టినాడు. అంత బాగా నాకు రాదు. మిమ్మల్ని ఘాటు ఎక్కించింది ఆయన చెయ్యి."

పద్మనాభ్ వచ్చి సలావుద్దీన్ రెండు చేతులూ పట్టుకున్నాడు. అందరూ భుజాలు తట్టారు. ఇన్నేళ్లుగా కోరుకున్నది వచ్చి ఒళ్లో పడింది. ఛాతీ ఇట్లా ఉబుకుతూ ఉండగానే, టీ గ్లాసులు పంచుతున్న మోహన అందుకున్నాడు.

"పని తెలిసినోళ్లు చానామంది ఉండారప్పా. నలుగురిలో తప్పు ఒప్పుకునేవాళ్లు యాడుండారు? అందుకే బేగం బేగమే."

"నిజమే కదా" అన్నారు అందరూ. తలలన్నీ మళ్లీ అటు తిరిగాయి. తప్పు చేసి కూడా పేరు ఆమే కొట్టేసింది. సలావుద్దీన్‌కు దక్కిన ఆ కాస్త పేరు కూడా ఆమె చేతి మీదుగానే దక్కింది.

అందరూ వెళ్లాక గుల్జార్ టూల్ బాక్సులోంచి గులాబి ఎరుపు సీసా తీసింది. గుడ్డల అడుగున దాచానని ఆయన అనుకున్న సీసా.

"తప్పు పట్టేదానికే విప్పినారని నాకు తెలుసు" అంది. "రాత్రి కోపం వొచ్చింది. పొద్దునకు పోయింది. ఇంక మీద నేను మూసిన ప్రతి ఇంజనూ విప్పండి. మీ అంత కుళ్లుతో సూసేవాళ్లు నాకు యాడ దొరుకుతారు? రెండు గీతలూ పడితేనే బండి బయటికి పోవాల."

మొగుడి కుళ్లును కూడా కొలువులో పెట్టుకునే ఆడదానితో ఏం మాట్లాడతాం. ఆయన సీసా తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు, దానితో పాటు మంట కూడా అక్కడే ఉంది.

ఫోన్ మోగింది. వేలూరు నంబరు.

"బేగం ఉండారా?"

సలావుద్దీన్ చేతిలో స్పానర్ ఉంది. కింద పడేయలేదు.

"ఉండాది" అన్నాడు. ఫోన్ ఇంకా చెవి దగ్గరే పెట్టుకుని, "నేనూ ఉండాను" అన్నాడు.