వంటింటి మీది అతుకు

విఠల్‌రావు భార్య శాంతాబాయి ఈ వానాకాలం దాటదని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట శాంతకు తెలియకూడదు. తెలిస్తే మిగిలిన కాస్త కాలమూ చావు కోసం ఎదురుచూస్తూ గడుపుతుందని విఠల్‌రావు భయం. తన అక్క రమాబాయికి ఒక్కదానికే చెప్పాడు. అదీ వంటింట్లో, తలుపు వేసి.

1979 మే నెల. యాకుత్‌పురాలోని ఆ పాత ఇంట్లో శాంత పడుకునే గదికి కిటికీ లేదు. విఠల్‌రావు మిద్దె మీద కూలర్ పెట్టించి, వంటింటి మీదుగా ఆమె గదిలోకి రేకు గొట్టం వేయించాడు. అతుకుల దగ్గరే సగం గాలి పోతోంది. పైగా పొద్దుగూకగానే చలేస్తోందని శాంత కూలర్ ఆపించేస్తోంది.

రేకుల పని చేసే సీమోను ఛత్రినాక నుంచి వచ్చాడు.

“గీ గాలికి స్టవ్వు మంట నిలుస్తలేదు,” అంది రమాబాయి. “ఆమె గది జూస్తే భట్టి లెక్క ఉన్నది. కూలర్ మా పప్పుకు పెట్టినట్టయింది.”

“పప్పుకు ఎండదెబ్బ తగులుతదని సాబ్‌కు ఫికరేమో, అమ్మా.”

సీమోను ఊదుబత్తి వెలిగించి అతుకుల వెంట పట్టుకుంటూ పోయాడు. పొగ చెదిరిన చోటల్లా లప్పం నింపి గుడ్డ పీలిక చుట్టాడు. చివరికి స్టవ్వు మీది అతుకు మిగిలింది. కూలర్ ఆపించి, విఠల్‌రావు పట్టుకున్న నిచ్చెన ఎక్కాడు. చెయ్యి పెట్టబోయి ఆగాడు.

“సాబ్, లోపల అమ్మ దగ్గుతున్నది.”

“నాకు వినబడలేదే?”

“గొట్టంలకెల్లి ఇనబడ్డది. మనం ఈడ మాట్లాడేది గూడ ఆమెకు సాఫ్ ఇనబడ్తది.”

విఠల్‌రావు తలెత్తి గొట్టం వైపు చూశాడు. అక్కతో చెప్పింది ఇక్కడే. రోజూ సాయంత్రం వచ్చి ఏడ్చేదీ ఇక్కడే. ఆ వేళకు కూలర్ ఆగి ఉంటుంది. శాంత దాన్ని ఆపించేది చలికి కాదు, వినడానికి.

రమాబాయి స్టవ్వు ఆర్పేసింది. విఠల్‌రావు భార్య గదిలోకి వెళ్ళాడు.

“పని అయిందా?” అంది శాంత.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“మీరు అక్కకు చెప్పిన దినమే.”

“మరి నాతోని అనకపోతివి.”

“మీరు మస్తు కష్టపడి దాస్తున్నరు. నాకు తెలిసిందంటే మీరు ఆగమైతరని ఊకున్న.” ఊపిరి కోసం ఆగింది. “మీరు ఏడ్తుంటే అక్క సముదాయిస్తుండె. నేను ఈడ పండుకొని ఇంటుంటి. లేచి వద్దామంటే చాతగాకపాయె.”

శాంత గొట్టం వైపు చెయ్యి చూపింది.

“ఆ అతుకు మూసెయ్యమనండ్రి. గీ ఉడుకు నాతోని అయితలేదు. ఏడ్పొస్తే ఇగ వంటింటికి పోకండ్రి. ఈడ కూసోండ్రి.”

అతను గుమ్మంలోంచే, “కానియ్యి, సీమోనూ,” అన్నాడు.

కాసేపటికి కూలర్ మొదలైంది. మొదటిసారి గది నిండా గాలి వచ్చింది. శాంత నుదుటి మీది వెంట్రుకలు కదిలాయి. విఠల్‌రావు మంచం మీద ఆమె పక్కన కూర్చుని, ముఖం దాచుకోకుండా ఏడ్చాడు.