మారా ఆడిన మూడో ఆట

మా తమ్ముడు మారా పోయి ఏడాదయింది. శనివారం అతని సమాధిరాయి ఆవిష్కరించాలి. గురువారం బడి వదలగానే రగ్బీ లీగ్ కమిటీ కార్యదర్శి పాపా ఉపోకో రికార్డు పుస్తకం చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. మా దీవిలో పెద్దవాళ్లలో మగవాళ్లను పాపా అని, ఆడవాళ్లను మామా అని పిలుస్తాం. ముంగిట్లో మా తాతగారి సమాధి పలక మీద ఎప్పటిలాగే హెల్మెట్ పెట్టి, అరుగు మీద కూర్చున్నారు.

"టీచరమ్మా, చిన్న చిక్కొచ్చింది. మారాకి రెండు ఆటలే ఉన్నాయి."

"మూడు, పాపా."

"వాడట్లాగే చెప్పేవాడులే. నాలుగు చేపలు పడితే ఐదనేవాడు." నవ్వబోయి, మారా సమాధి వైపు చూసి ఆగిపోయారు.

దేశం తరఫున మూడు ఆటలు ఆడినవాడి రాతి మీద దుప్పటికి బదులు జట్టు జెర్సీ కప్పుతారు. పాత ఆటగాళ్లే వచ్చి దాన్ని తీస్తారు. అమ్మ ఏడాదిగా దానికోసమే చూస్తోంది.

"నియూ దేశం జట్టు మీద గెలిచిన ఆట ఉంది కదా, ఆక్లండ్‌లో? చివరి పాయింట్లు తెచ్చిన ట్రై మావాడిదే."

"అది తుతాయి అనే ఆయనది. మీ తాత పేరే. మీ చుట్టమేమో అనుకున్నాం."

నాకు ఊపిరి ఆడింది. చిక్కు అంతేనన్నమాట. తాతగారు పోయిన వారానికే ఆ ఆట. అంత్యక్రియలకు ఇంటికొచ్చే విమానం మారా అందుకోలేకపోయాడు. అక్కడే తాత పేరు తీసుకున్నాడు. పోయినవాళ్ల పేరు మేము మట్టిలో వదిలెయ్యం. ఆ పేరుతోనే ఆడాడు, మోకాలు విరగ్గొట్టుకున్నాడు, ఇంటికి వచ్చాక మళ్లీ అందరికీ మారాయే అయ్యాడు. ఇదంతా చెప్పాను.

"ఓరి వీడి దుంపతెగ! ఇద్దరూ ఒక్కడేనా? మరి ఇన్నేళ్లలో ఆ తుతాయి ఎవరని మేం ఎందుకు అడగలేదబ్బా?" పేజీలు తిప్పారు. "ఆఁ, అడగడానికి మనిషి ఉంటేగా. ఇదిగో, చూడండి."

తుతాయి పేరుకు ఎదురుగా నల్లసిరాతో ఒకే మాట ఉంది. మరణించారు.

గుండ్రటి, సమానమైన అక్షరాలు. నావి.

ఆ ఏడాది తుఫానుకు పాత పుస్తకం తడిస్తే సాఫు ప్రతి రాసింది నేనే. అప్పటికి తాతగారు పోయి నాలుగు నెలలు. ఒక్కో పేరుకు ఎదురుగా ఆ మనిషి ఉన్నాడో లేడో రాయమన్నారు. తుతాయి అన్న పేరు నాకింకా తమ్ముడిది కాలేదు. చెయ్యి ఆగకుండా రాసి, కింది పేరుకు వెళ్లిపోయి ఉంటాను. ఆ తర్వాత మారా ఇరవై రెండేళ్లు బతికాడు. ఏటా మూడు ఆటలవాళ్లకిచ్చే పాత ఆటగాళ్ల విందుకు పిలుపు రానప్పుడల్లా, "పోనిద్దూ అక్కా, ఎవరు కూర్చుంటారు అంతసేపు?" అనేవాడు.

పుస్తకం దగ్గరికి లాక్కున్నాను.

"ఆ కింద ఎవరో పిచ్చిగీతలు గీశారు, పట్టించుకోకండి," అన్నారు పాపా.

పెన్సిలు రాత. బాగా మాసిపోయింది. పుస్తకాన్ని వెలుతురుకు తిప్పాను.

'ఇంకా పోలేదక్కా. ముందు టీ తాగనీ.'

వెనక్కి వాలిన ఎడమచేతి అక్షరాలు. వాటిని దిద్దాలని చిన్నప్పుడు ఎంతో ప్రయత్నించాను. ప్రతి ఆదివారం నా బల్ల దగ్గర కూర్చుని టారో దుంప తింటూ, "కొట్టు చీటీలో కూడా తప్పులు వెతుకుతావేంటక్కా!" అని వెక్కిరించినవాడు, ఈ తప్పు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

"మీరే దిద్దండి, టీచరమ్మా." పాపా కలం అందించారు. నా భుజం మీదుగా చూశారు. ఆ గీతలు ఏమిటో ఆయనా చదివారు.

రెండు పేర్లనూ ఒక గీతతో కలిపాను. పక్కన మూడు అని రాశాను.

"ఎన్నని తేలిందే?" లోపలినుంచి అమ్మ అరిచింది.

"మూడేనమ్మా."

"నే చెప్పలా? జెర్సీ ఉతికి తెమ్మను, లేకపోతే ఉపోకో కంపు కొట్టేది తెస్తాడు!"

"ఇస్త్రీ కూడా చేయిస్తాను, మామా!" అని కేకేసి, పాపా నావైపు వంగారు. "మరి ఆ మాట కొట్టెయ్యరా?"

కలం ఆ మాట మీదే ఆగింది.

కొట్టెయ్యలేదు. దాని పక్కన మారా పోయిన నాటి తేదీ వేశాను.