అమ్మలో దొరకని లోపం

మా అమ్మతో వాదించి గెలిచినవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు. పిక్క మీది పుట్టుమచ్చ నల్లబడి పెరుగుతుంటే, "ఏదో కుట్టిందిలే" అని ఎవర్నీ నోరెత్తనివ్వలేదు. చివరికి చర్మ క్యాన్సరని తేలింది. కోసి తీసేశారు కాబట్టి బతికిపోయింది. అంతకుముందే మా మేనమామ అదే జబ్బుతో పోయాడు.

నేను ఈత నేర్పుతాను. పైకప్పు లేని కొలను. నడుంలోతు నీళ్లలో నిలబడి, పిల్లల పొట్టల కింద చెయ్యి పెట్టి "కాళ్లాడించు, కాళ్లు!" అని అరవడమే నా ఉద్యోగం. ఎండ నెత్తిన కొట్టేది చాలక నీళ్ల మీద పడి మళ్లీ మొహానికే తగులుతుంది. నా వీపు నిండా పుట్టుమచ్చలే, ఎండేమో ఈ జబ్బుని తెచ్చిపెడుతుందంటారు. ఈ పని మానెయ్యాలా, వద్దా? మేనేజరు టికెట్ల గదిలో కుర్చీ ఇస్తానంటున్నాడు. ఆ గదిని తలుచుకుంటేనే నాకు ఊపిరాడదు.

"ఒకే ఇంట్లో ఇద్దరికి వచ్చిందంటే జన్యువుల్లో లోపం ఉండొచ్చు. రక్తపరీక్షలో తెలియొచ్చు. ముందు మీ అమ్మగారిని తీసుకురండి," అంది చర్మ డాక్టరమ్మ.

అమ్మ రానంటే రానంది. "జబ్బు పోయాక నా రక్తం దేనికే? అంతా నా వల్లేనని తేల్చి నా మొహాన కొట్టడానికా?"

నాకు ఒళ్లు మండింది. మొండితనం ఆవిడొక్కదాని సొత్తా? డాక్టరమ్మ వద్దంటున్నా వినకుండా ముందు నా రక్తమే ఇచ్చాను. ఏ లోపమూ కనబడలేదన్నారు. ఎగిరి గంతేశాను. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు.

"దీంతో సంబరపడకండి. మీ ఇంట్లో ఈ జబ్బు తెచ్చిన లోపం ఏదో ముందు తెలియాలి. అది జబ్బు వచ్చిన మనిషిలోనే వెతకాలి. అమ్మగారిలో దొరికి, మీలో లేకపోతే మీ భయం చాలావరకు తీరినట్టే. ఆవిడలోనూ దొరక్కపోతే, మాకింకా తెలియని లోపమేదో ఉండొచ్చు. అది మీకూ వచ్చి ఉండొచ్చు."

అంటే నేను బాగుండాలంటే అమ్మలో చెడ్డది దొరకాలి! ఇదేం శాస్త్రమో, ఇదేం గోలో! దారి పొడుగునా తిట్టుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ మెలిక అమ్మకి చెప్పలేదు. రోజూ నస పెట్టి పెట్టి, అలిగి, అన్నం మానేసి, ఎలాగో ఒప్పించాను. సూది గుచ్చే నర్సుతో, "గట్టిగానే గుచ్చమ్మా, మా అమ్మాయి మాటలకంటే నొప్పేం పుట్టదు," అంది.

ఫలితం కోసం ఎదురుచూసినన్నాళ్లూ నా మీద నాకే అసహ్యం వేసింది. అమ్మ కంచం ముందు కూర్చుని నెమ్మదిగా తింటుంటే, 'నీలో ఉండాలి, ఉండాలి' అని లోపల అనుకునేదాన్ని. కొలనులో ఊరికే పిల్లల మీద విరుచుకుపడేదాన్ని.

ఫలితం వచ్చింది. అమ్మలోనూ ఏమీ దొరకలేదు.

డాక్టరమ్మ గదిలోంచి బయటికొస్తూనే అమ్మ మొహం వెలిగిపోయింది. వరండాలో బెంచీ మీద కూర్చుని పిన్నికి ఫోన్ చేసింది. "విన్నావా? నా రక్తంలో ఏ దోషమూ లేదట! ఇన్నాళ్లూ ఇది నన్ను నేరం చేసినదాన్లా చూసింది."

నాకు కోపం ఆగలేదు. "నీలో ఉంటేనే బాగుండేదమ్మా!" అని అరిచేశాను.

ఫోన్ పక్కన పెట్టింది. "ఏంటే ఆ మాట?"

చెప్పాను. ఏడుస్తూ, తిడుతూ, ఎవర్ని తిడుతున్నానో తెలియకుండా మొత్తం చెప్పాను. "నీలో దొరక్కపోతే నాలో లేదన్న మాటకి విలువే లేదు. ఇంక ఆ కొలను మానాలో, నీళ్లలోనే ఉండాలో నాకెవరూ చెప్పలేరు."

పిన్ని ఫోన్‌లో ఇంకా "అక్కా, అక్కా" అంటూనే ఉంది. అమ్మ లేచి, వరుసలో ఉన్నవాళ్లు గొణుగుతున్నా పట్టించుకోకుండా, డాక్టరమ్మ గది తలుపు తోసింది.

"మీరు సరిగ్గా వెతకలేదమ్మా. నాలో ఉండే ఉంటుంది. ఇంకోసారి చూడండి."